భీమే మేడం నిద్ర పీరియడు

ఆ ఫోటో మీకూ వచ్చే ఉంటుంది. మా బ్లాకులో, మీ లెక్కన మండలంలో, అది చేరని ఫోను లేదు. ఒక గదిలో టాట్‌పట్టీల మీద, అంటే బళ్ళో కూర్చోవడానికి పరిచే గోనె చాపల మీద, పిల్లలు అడ్డదిడ్డంగా పడి నిద్రపోతుంటారు. మూలన గోడ పక్కన ఒక మాస్టారు, నోరు కాస్త తెరుచుకుని, ఆయనా నిద్రలోనే ఉంటాడు. కింద ఎవరో మహానుభావుడు హిందీలో రాశాడు: పొద్దున్నే ఇప్పసారా, ఇదీ మన బడి అని. దాని కింద నవ్వే బొమ్మలు వరసగా. నవ్విన వాళ్ళలో నాతోపాటు టీచరు ట్రైనింగు చదివిన వాళ్ళూ ఉన్నారు. వాళ్ళతో నేనిప్పుడు మాట్లాడటం లేదు, మాట్లాడే ఉద్దేశమూ లేదు.

ఆ గది మాది. తెలుగు ఊళ్ళు అయిపోయి హిందీ రాష్ట్రం మొదలయ్యే చోట, మరైగూడ దాటాక వాగు అవతల ఉన్న ప్రాథమిక బడి. ఆ మాస్టారు వినోద్ సార్. పిల్లల్ని పడుకోబెట్టింది మా పెద్ద మేడం కట్టం భీమే. నా పేరు దీప, నేనూ అక్కడే పాఠాలు చెబుతాను. ఫోటో తీసిన వాడికి తెలియనిది, నవ్విన వాళ్ళు అడగనిది చెబుదామని కూర్చున్నాను. నాకు ముక్కు మీద కోపమని మా ఇంట్లో అందరూ అంటారు. ఈ విషయంలో ఉండాల్సినంతే ఉందని నా అభిప్రాయం.

భీమే అక్క దోర్ల తెగ ఆదివాసీ మనిషి. పుట్టిన ఊరు బాసగూడ అవతల అడవిలో. తుపాకుల గొడవల రోజుల్లో ఆ ఊరు ఖాళీ అయిపోతే వాళ్ళ నాన్న పిల్లల్ని వెంటబెట్టుకుని గోదావరి వైపు నడిచి వెళ్ళాడు. చర్ల దగ్గర మిరప చేలల్లో కాయ ఏరుతూ ఆమె తెలుగు నేర్చుకుంది. "నా తెలుగంతా మిర్చి ఘాటే" అని ఇప్పటికీ అంటుంది. తరవాత దోర్నపాల్‌లో హాస్టల్లో ఉండి చదివింది. తోటి పిల్లలు మానేసి మళ్ళీ మిరప చేలకి పోతుంటే ఈమె మొండికేసి కూర్చుంది. ఇంట్లో దోర్లి, బజారులో హల్బీ, ఆఫీసుల్లో హిందీ, మాతో తెలుగు. నాలుగు భాషల్లోనూ కాదనడం వచ్చిన మనిషని మా నాన్న రాఘవులు ఎత్తిపొడుస్తాడు. ఆయనకి ఆమె అంటే భయమూ ఉంది, అభిమానమూ ఉంది.

పొట్టి మనిషి. నూనె రాసి బిగించిన ముడి, భుజాన గుడ్డసంచి. ఎవరైనా ఎడమ పక్కన నిలబడి మాట్లాడితే వాళ్ళ చుట్టూ తిరిగి వచ్చి కుడి చెవి వాళ్ళవైపు పెట్టి నిలబడుతుంది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

పాత గురూజీ రిటైరయ్యాక బడి ఆమె చేతికొచ్చింది. పాత గురూజీ చెడ్డవాడేం కాదు. ఇప్పపూల నెల రాగానే బడికి తాళం వేసుకుని ఊరెళ్ళిపోయేవాడు, అంతే. పిల్లలే రానప్పుడు నేనొచ్చి గోడలకి పాఠం చెప్పాలా అనేవాడు. ఆ మాటలో కొంత నిజముంది.

మా వైపు ఇప్పచెట్టు ఎవరిది వారిదే. పొలం గట్టున ఉన్నా అడవిలో ఉన్నా ఫలానా చెట్టు ఫలానా ఇంటిదని ఊరందరికీ తెలుసు. చెట్టు కింద రాలిన ఆకులు కాల్చి నేలంతా శుభ్రం చేసుకుంటారు. పువ్వు తెల్లవారకముందే రాలడం మొదలవుతుంది. అప్పటికి పిల్లలు గంపలతో చెట్టు కింద ఉండాలి, లేకపోతే పశువులు తినిపోతాయి. ఏరిన పువ్వు ఆరబొయ్యాలి. ఆరేదాకా మేకలు మూతి పెట్టకుండా కాపలా కాయాలి, ఆ కాపలా కూడా పిల్లలదే. సర్కారేమో సరిగ్గా ఆ రోజుల్లోనే ఎండలు ముదిరాయని బడిని పొద్దుటి పూటకి మారుస్తుంది. పువ్వు రాలే వేళా, బడి గంట కొట్టే వేళా ఒకటే అవుతాయి. అప్పుడు ప్రతి ఇంట్లోనూ పువ్వే గెలుస్తుంది. ఏడాది ఉప్పు, నూనె, బట్టలు దానితోనే గనక గెలవక తప్పదు.

భీమే అక్క పెద్ద మేడం అయిన మొదటి ఏడాది చెట్టు చెట్టుకీ తిరిగింది. పువ్వు మానెయ్యమని చెప్పలేదు. "ఏరుడు అయినంక గంప తోటే పిల్లగాండ్లను బడికి పంపుండ్రి. మా సిమెంటు నేల మీద ఆరబోస్తం. మేకల సంగతి మేం చూస్తం" అంది. తల్లులు ముందు నమ్మలేదు. ఈ మేడం ఇందులో ఎంత వాటా అడుగుతుందో అని గుసగుసలాడుకున్నారు. మా నాన్నయితే బడికే వచ్చి, ఆవరణంతా పూలు పరిచి ఉండటం చూసి, "ఏందమ్మా ఇది, బడా, కళ్ళమా?" అని నిలదీశాడు.

"రెండూనే బాబాయ్" అంది అక్క. "జరుగు, పువ్వు తొక్కుతున్నవ్."

ఎవరి పువ్వు వారికి చెందాలి కదా, అందుకని ఒక్కో ఇంటి పువ్వు చుట్టూ సుద్దముక్కతో గీత గీసి పిల్లల చేతనే ఇంటి పేరు రాయించింది. రాతలో తప్పు పోతే పక్కింటి వాళ్ళు ఎత్తుకుపోతారని ఒకటో తరగతి వాళ్ళు కూడా నాలుక బయటపెట్టి మరీ శ్రద్ధగా దిద్దేవారు. ఆ నెలలో నేర్చుకున్నంత అక్షరం మిగతా నెలల్లో నేర్చుకోరని నేను చూశాను. బడి నిండింది. వంట వండే వెంకమ్మత్త ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో వెదురుబెత్తం పట్టుకుని మేకల్ని తోలేది. బెత్తం మా బడిలో మేకల మీద తప్ప ఎవరి మీదా లేవదు.

అయితే వచ్చిన పిల్లలు కూర్చున్నచోటే తూలిపోయేవాళ్ళు. నల్లబల్ల వైపు చూస్తూ చూస్తూ పలక మీదికి వాలిపోయేవాళ్ళు. నేనైతే మొహాలు కడుక్కు రమ్మని పంపేదాన్ని. అక్క ఆపింది.

"నువ్వు మూడింటికి లేసి నడుం వంచి పువ్వేరి రా దీపా. తరవాత ఎక్కాలు చెప్పు నాకు" అంది.

అట్లా మొదలైంది నిద్ర పీరియడు. పువ్వుల నెలలో మొదటి గంట అందరూ పడుకోవడమే. ఒక టీచరు కనిపెట్టుకుని ఉంటారు. లేచాక తలా ఒక గ్లాసు అంబలి. తరవాత చూడాలి వాళ్ళని, ఒక్కొక్కరూ మీదపడి చదువుతారు. ఆ గంట పోయిందని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ గంట వల్లే మిగతా గంటలు మిగిలాయి.

పిల్లలకే కాదు, మాకూ ఒక పద్ధతి పెట్టింది. దాన్ని మేం బియ్యం ఏరుడు అంటాం. ఎవరికైనా పిల్లల ముందు నిలబడే ఓపిక లేని రోజు ఉంటుంది కదా. ఆ రోజు వచ్చి, "అక్కా, ఇవాళ బియ్యం" అంటే చాలు. ఎందుకని అడగదు. వంటపాక నీడలో వెంకమ్మత్త పక్కన కూర్చుని చేటలో రాళ్ళేరుకోవడమే. మన తరగతి కూడా అక్కే చూసుకుంటుంది. ఏడ్చినా అడగరు, ఏడవకపోయినా అడగరు. నాకు కడుపు పోయిన వారం నేను అట్లాగే కూర్చున్నాను. ఇంట్లో అత్త దగ్గర్నుంచి ఆశా కార్యకర్త దాకా అందరూ ఎట్లా జరిగిందని అడిగారు, ఏం తిన్నావని అడిగారు, బరువెత్తావా అని అడిగారు. వెంకమ్మత్త మాత్రం చేట నా ముందుకి జరిపి, "ఈ బస్తాల రాళ్ళు ఎక్కువున్నయ్ దీపమ్మా" అంది. ఆ మాటకి నేను ఆమెకి జీవితాంతం రుణపడి ఉంటాను.

ఇక వినోద్ సార్. ఆయనది జశ్‌పూర్ వైపు, రాష్ట్రానికి ఆ చివర. మాకు ఆ పేరు పటంలో చూడటమే. దోర్లి రాదు, తెలుగు రాదు, వచ్చిన కొత్తలో పిల్లలు నవ్వితే తననే అనుకుని చిన్నబుచ్చుకునేవాడు. మంచివాడు, మెతకమనిషి. ఆఫీసు నుంచి ఫోను వస్తే లేచి నిలబడి మాట్లాడేవాడు. మరైగూడలో ఒక గది తీసుకుని ఒంటరిగా వండుకునేవాడు. చలికాలంలో ఏదో సర్వే డ్యూటీ వేసి లోపలి ఊళ్ళకి పంపారు. అక్కడ సిగ్నలు ఉండదు. డ్యూటీ ముగించుకుని రోడ్డెక్కి ఫోను తెరిచేసరికి తల్లి పోయిందన్న కబురు పాతబడిపోయి ఉంది. దహనం కూడా అయిపోయింది.

ఊరెళ్ళి తిరిగొచ్చాక మనిషి మనిషిగా లేడు. రాత్రుళ్ళు నిద్ర రావడం లేదని ఒకసారి అక్కతో అన్నాడట. కళ్ళ కింద నల్లగా, గడ్డం మాసి, చెప్పిన పాఠమే మళ్ళీ చెబుతూ ఉండేవాడు. ఎన్ని రోజులు బియ్యం ఏరాడంటే పిల్లలు ఆయనకి బియ్యం సార్ అని పేరు పెట్టారు. అక్క ఆయన తరగతి మోస్తూ ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. నేను విసుక్కున్నాను, అది వేరే సంగతి. పువ్వుల నెల రాగానే అక్క ఆయనకి నిద్ర పీరియడు కాపలా అప్పజెప్పింది. "వాళ్ళు పడుకుంటే చూస్తూ కూర్చో భయ్యా, ఇంకేం చెయ్యకు" అని హిందీలో చెప్పింది.

ఆ రోజు పొద్దున ఆయన వాగు దగ్గరికి ఎదురెళ్ళి చిన్నపిల్లల గంపలు మోసుకొచ్చాడు. చొక్కా అంతా పువ్వు రసం. పిల్లలు పడుకున్నారు. కాసేపటికి నేను నీళ్ళకని అటు వెళ్ళి చూస్తే ఆయన గోడకి ఆనుకుని నిద్రపోతున్నాడు. అక్కకి చెప్పాను. ఆమె వచ్చి గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. ఒక గోనెసంచి మడిచి, తల పక్కకి ఒరిగిపోకుండా గోడకీ తలకీ మధ్య పెట్టింది.

"లేపకు దీపా" అంది. "ఎన్నాళ్ళకు పట్టిందో."

నేను కావలి కూర్చుంటానన్నాను. రెండు గదులకీ మధ్య గుమ్మంలో కుర్చీ వేసుకున్నాను. ముందే లేచిన నాలుగూ ఐదూ తరగతుల్ని అక్క తీసుకుంది. ఇంతలో బయట జీపు ఆగింది.

బ్లాకు ఆఫీసు నుంచి బళ్ళ తనిఖీకి వచ్చిన సాబ్. పేరు చెప్పను, ఆయన పేరుతో నాకు పని లేదు. కొత్తగా మైదాన ప్రాంతం నుంచి వచ్చాడు. గేటు తీసుకుని పూల మీదుగా బూట్లతో నడుచుకుంటూ వచ్చేశాడు. పచ్చి ఇప్పపువ్వు ఎండకి వేడెక్కినప్పుడు ఆ వాసన సారాలాగే ముక్కు పట్టేస్తుంది. మాకది అలవాటు. ఆయన ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. గదిలోకి తొంగి చూశాడు. పిల్లల చేతులకీ, జుట్టుకీ, గౌన్లకీ అదే వాసన. మాస్టారి చొక్కాకీ అదే వాసన. పొద్దున్నే అందరూ ఒళ్ళు మరిచి పడి ఉన్నారు. అంతే, ఆయన లెక్క ఆయన వేసుకున్నాడు. నేను కుర్చీలోంచి లేచి నోరు తెరిచేలోపే ఫోను తీసి ఫోటో కొట్టేశాడు. పువ్వు వాసన తెలియనివాణ్ణి ఈ జిల్లాకి ఎవరు పంపారో నాకిప్పటికీ అర్థం కాదు.

"పిల్లలకి సారా తాగించారా?" అన్నాడు హిందీలో.

అక్క అప్పటికే వచ్చేసింది. "పువ్వేరి వచ్చిన పిల్లలు సార్. పువ్వు వాసన అది" అంది.

"ఆ మాస్టారు? ఆయన కూడా పువ్వే వాసన చూశాడా?" అని బూటు కొనతో చాప అంచుని తట్టాడు. వినోద్ సార్ ఉలిక్కిపడి లేచాడు. ఎక్కడున్నాడో తెలియక అందరి మొహాలూ చూశాడు. లేవబోయి తడబడ్డాడు. ఆ తడబాటు చూసి సాబ్ తల పంకించాడు. ఊర్మిల అని రెండో తరగతి పిల్ల, అందరికంటే ముందే లేచి ఏడవడం మొదలెట్టింది. దాన్ని చూసి మిగతావాళ్ళూ అందుకున్నారు.

అక్క గొంతు పెంచలేదు. "తాగాడని మీకు అనుమానం ఉంటే ఆయన్ని మీ జీపులో ఎక్కించుకోండి. కుంట ఆసుపత్రిలో ఇప్పుడే రక్తం తీయించండి. నేనూ వస్తాను" అంది.

సాబ్ వాచీ చూసుకున్నాడు. ఇంకా చూడాల్సిన బళ్ళున్నాయన్నాడు. జీపెక్కి వెళ్ళిపోయాడు. దుమ్ము ఇంకా సర్దుకోకముందే అక్క మా తమ్ముడు దుర్గేశ్‌కి కబురుపెట్టి మోటారుసైకిలు తెప్పించింది. ముందు దుర్గేశ్, మధ్యలో వినోద్ సార్, వెనక అక్క. ఎండలో కుంట వెళ్ళి, ఆసుపత్రిలో క్యూలో నిలబడి, డాక్టరు చేత పరీక్ష చేయించి, మందు చుక్క కూడా లేదని రాయించుకుని తిరిగొచ్చింది. అప్పటికే ఫోటో తిరుగుతున్న టీచర్ల ఫోను గ్రూపులోనే ఆ కాగితం కూడా పెట్టింది. ఆ కాగితాన్ని ఒక్కరూ ఇంకొకరికి పంపలేదు. ఫోటో మాత్రం తిరుగుతూనే ఉంది.

ఆ వారంలోనే ఆఫీసుకి రమ్మన్నారు. తోడుగా నేనూ వెళ్ళాను. సాబ్ ఆ రోజు కాస్త మెత్తగానే మాట్లాడాడు. సారా సంగతి వదిలేశాడు. కానీ ఫోటో పైదాకా వెళ్ళింది, పై నుంచి అడుగుతున్నారు, ఎవరో ఒకరి మీద చర్య తీసుకున్నట్టు చూపించాలి. "మీరు మంచి టీచరని విన్నాను. మిమ్మల్ని ఇబ్బంది పెట్టాలని నాకు లేదు" అన్నాడు. ఒక తెల్లకాగితం ముందుకి జరిపాడు. "డ్యూటీలో వినోద్ నిద్రపోయాడు, అది మీకు తెలియకుండా జరిగింది. ఈ రెండు ముక్కలు రాయండి. ఆయన్ని సస్పెండు చేస్తాం, మీ కుర్చీ మీకుంటుంది. రేపట్నుంచి ఈ పడుకోబెట్టడాలు మానేస్తే సరిపోతుంది."

వినోద్ సార్‌ని ఆ సమయంలో సస్పెండు చేస్తే ఏమవుతాడో ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. ఆ గదిలో ఒంటరిగా ఉండే మనిషి. నేను భయంతో అక్క వైపు చూశాను. అక్క కుర్చీని కొద్దిగా తిప్పుకుని కుడి చెవి సాబ్ వైపు పెట్టి కూర్చుంది.

"నాకు తెలియకుండా కాదు సార్. ఆయన నిద్రపోవడం నేను చూశాను. లేపొద్దని చెప్పింది నేనే. పిల్లల్ని పడుకోబెట్టిందీ నేనే" అంది.

"అట్లా రాస్తే మీ మీదికే వస్తుంది."

"రానివ్వండి. నా ఎడమ చెవి వినపడదు సార్. మూడో తరగతిలో ఉండగా, ఇప్పపూల నెలలో, బళ్ళో నిద్రపోయానని మా ఊరి గురూజీ కొట్టాడు. రక్తం వచ్చింది. మా అమ్మ పసరు పోసింది, తగ్గలేదు. ఆ రోజు పొద్దున నేను మూడు గంపలు ఏరాను. ఆయన తప్పు చేశాడని ఇన్నేళ్ళలో ఎవరూ ఆయన్ని ఒక ముక్క రాయమని అడగలేదు. ఇవాళ పిల్లలు పడుకుంటే నన్ను రాయమంటున్నారు. రాస్తాను. నేనే పడుకోబెట్టానని రాస్తాను. మళ్ళీ పడుకోబెడతానని కూడా రాస్తాను."

ఆమె కాగితం తీసుకుని అక్కడే రాసి సంతకం చేసింది. నేను ఆమె పక్కన అన్నేళ్ళు పనిచేసి ఆ చెవి గురించి ఒక్కసారి కూడా అడగలేదని అప్పుడు తలుచుకుని బస్సులో దారి పొడుగునా ఏడ్చాను. ఆమె మాత్రం వేరుశనగలు కొనుక్కుని తింటూ కూర్చుంది.

శిక్ష రానే వచ్చింది. పెద్ద మేడం బాధ్యత నుంచి భీమే అక్కని తీసేశారు. అదే బళ్ళో మామూలు టీచరుగా ఉండమన్నారు. బాధ్యత సర్వీసులో తరవాతి వాడికి ఇచ్చారు. ఆ తరవాతి వాడు వినోద్ సార్. పరీక్షలో ఏమీ దొరకలేదు గనక ఆయన మీద చర్య లేదు. పైగా, ఫోను వస్తే లేచి నిలబడేవాడు చెప్పినట్టు వింటాడని సాబ్ అనుకుని ఉంటాడు. దానికి తోడు ఒక షరతు. ప్రతిరోజూ మొదటి పీరియడులో సాబ్ వీడియో కాల్ చేస్తాడు, పిల్లలు నిటారుగా కూర్చుని చదువుకుంటున్నట్టు చూపించాలి. ఒక్కరు పడుకుని కనిపించినా ఉద్యోగం సంగతి చూస్తానన్నాడు. ఆ మధ్యే మా ఊళ్ళో ఫోను టవరు వేశారు. టవరు వచ్చిందని మేమంతా సంబరపడ్డాం కూడా.

ఆర్డరు వచ్చిన రోజు వినోద్ సార్ బీరువా తాళాలు అక్క ముందు పెట్టేశాడు. "నేను చెయ్యలేను దీదీ. నా వల్ల మీ కుర్చీ పోయింది. నేను లెటరు రాసి వెళ్ళిపోతాను" అన్నాడు.

"నీ వల్ల కాదు, నా వల్లే పోయింది. నువ్వు వెళ్తే ఇంకొకణ్ణి పంపుతారు. వాడెట్లాంటి వాడో ఏమో" అని తాళాలు ఆయన చేతిలో పెట్టింది.

"రేపు ఆయన కాల్ చేస్తే ఏం చెయ్యను?"

"అది పెద్ద సార్ చూసుకోవాలి. ఇప్పుడు పెద్ద సార్‌వి నువ్వు. నేను చెప్పను" అంది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆయన వెళ్ళాక, "ఏందక్కా నువ్వు? పండుకోబెట్టమని ఒక్క మాట చెప్తే ఏం పోయింది? ఆయనకు సాబ్ అంటేనే వణుకు. రేపు పిల్లలను బొమ్మల్లెక్క కూసోబెడతడు చూడు" అన్నాను.

"కూసోబెట్టనియ్. ఉద్యోగం ఆయనది, పోతే పోయేది ఆయనదే. నేను చెప్తే చేసిండనుకో, రేపు నేను లేనినాడు ఏం జేస్తడు?" అంది. "నా మొండితనం నాది. ఇంకొకల కూడు మీదికి తోలను."

నేను ఒప్పుకోలేదు. పువ్వుల నెల ఇంకా సగముంది. ఆ సగం ఏమవుతుందో అనుకుంటూ ఇంటికి నడిచాను.

మర్నాడు వినోద్ సార్ గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. పెద్ద కుర్చీలో కాకుండా పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు. పిల్లలు గంపలతో వచ్చారు. సుద్దగీతల మధ్య పువ్వు పోసి, అలవాటుగా చాపలు పరచబోయారు. ఆయన ఆగమన్నాడు. వరసగా కూర్చోమన్నాడు. పుస్తకాలు తెరవమన్నాడు. నేను గుమ్మంలో నిలబడి పళ్ళు కొరుక్కుంటున్నాను. అక్క అదే గదిలో ఆ చివర ఒకటో తరగతి వాళ్ళ దగ్గర కూర్చుని, ఎవరి పలక మీదో గీతలు గీస్తోంది. తల ఎత్తలేదు.

పిల్లలు పాఠం అందుకున్నారు. పావువంతు మంది గొంతు పలుకుతోంది, మిగతావాళ్ళు పెదాలు ఆడిస్తున్నారు. కాసేపటికి అదీ లేదు. ఒకడు పక్కవాడి భుజం మీద వాలాడు. వినోద్ సార్ వెళ్ళి తట్టి కూర్చోబెట్టాడు. ఇంకొకరు. తట్టాడు. ఊర్మిల పుస్తకం మీద నుదురు ఆనించింది. దాన్నీ తట్టాడు. ఆ పిల్ల ఉలిక్కిపడి లేచింది. ఎక్కడుందో తెలియక అందరి మొహాలూ చూసింది. లేచి నిలబడబోయి తూలింది. ఆయన ఆ పిల్ల మొహంలోకి చూస్తూ అట్లాగే ఉండిపోయాడు. ఆయన చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది.

తరవాత ఊర్మిల చేతిలోంచి పుస్తకం తీసుకున్నాడు. మూలనున్న చాపల చుట్ట తనే తెచ్చి విప్పాడు. పిల్లలకి ఏ భాషలోనూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ఒకరి మీద ఒకరు కాళ్ళు వేసుకుని క్షణంలో పడిపోయారు. గదంతా ఇప్పపువ్వు వాసన. అక్క చేతిలో సుద్దముక్క ఆగింది, కానీ ఆమె అప్పుడు కూడా తలెత్తలేదు.

ఫోను మోగింది. వినోద్ సార్ అలవాటు కొద్దీ లేచి నిలబడ్డాడు. తెర మీద సాబ్ మొహం, కింద చొక్కా గుండీ దాకా కనిపిస్తోంది. "చూపించు, పిల్లల్ని చూపించు" అన్నాడు. ఆయన గొంతుకి ఒక పిల్ల కదిలి పక్కకి ఒత్తిగిలింది. వినోద్ సార్ ఫోను తిప్పి, నిద్రపోతున్న మొహాల మీదుగా ఈ చివర నుంచి ఆ చివరదాకా మెల్లగా చూపించాడు. ఎవరినీ తప్పించలేదు. మళ్ళీ తన మొహానికి ఎదురుగా పెట్టుకున్నాడు.

"సార్" అన్నాడు హిందీలో, లోగొంతుకతో. "కాస్త మెల్లగా మాట్లాడండి. పిల్లలు పడుకున్నారు."

అవతలి గొంతు ఇంకా పెరిగింది. వినోద్ సార్ ఆ ఫోనుని ఛాతీకి అదుముకుని, కాళ్ళకి ఎవరూ తగలకుండా చూసుకుంటూ వరండాలోకి నడిచాడు. బయటికి వెళ్ళాక, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేశాడు.